మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో మ్యాథ్స్: చదివి, పేపర్లు దిద్దాక రాస్తున్న సమీక్ష

టీయూ మ్యూనిక్ అనగానే మనవాళ్ళకు ఇన్ఫర్మాటిక్స్ (అంటే కంప్యూటర్ సైన్స్), మెకానికల్ గుర్తొస్తాయి. మ్యాథ్స్ అంటే మాత్రం ‘దానికి జర్మనీ దాకా ఎందుకు’ అంటారు. నేను హైదరాబాద్‌లో ఎంఎస్సీ మ్యాథ్స్ చేసి, మళ్ళీ ఇక్కడ మాస్టర్స్ చేశాను. చదువుతూనే జూనియర్ల హోంవర్క్ దిద్దే గంటల జీతం పని కూడా చేశాను. అందుకని అటు బెంచీ వైపు నుంచీ, ఇటు ఎర్రపెన్ను వైపు నుంచీ చెప్పగలను.

ఇక్కడ క్లాసులో చెప్పే పాఠం కన్నా వారం వారం ఇచ్చే లెక్కల షీటు ముఖ్యం. పాఠం బాగా చెప్పేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. ఆ షీటు మాత్రం మన దగ్గర నేను చూడలేదు. ఒక ఉదాహరణ చెబుతాను. ఫంక్షనల్ అనాలిసిస్ అనే సబ్జెక్టులో బనాఖ్-స్టైన్‌హాస్ సిద్ధాంతం ఉంది. స్పేస్ కంప్లీట్ అయితే, అంటే మధ్యలో ఖాళీలు లేకపోతే, దాని మీది ఫంక్షనల్స్ (ఒక్కో బిందువుకు ఒక సంఖ్య ఇచ్చే లీనియర్ ఫంక్షన్లు) ప్రతి బిందువు దగ్గరా అదుపులో ఉంటే వాటి నార్మ్‌లు, అంటే వాటి పరిమాణాలు కూడా, అదుపులోనే ఉంటాయని అది చెబుతుంది. హైదరాబాద్‌లో దాని ప్రూఫ్ బట్టీపట్టి, పరీక్షలో మక్కీకి మక్కీ దించేవాళ్ళం. ఇక్కడి షీట్లో ప్రూఫ్ అడగరు. స్పేస్ కంప్లీట్ కాకపోతే ఈ సిద్ధాంతం ఎక్కడ కూలుతుందో చూపించమంటారు. కొన్ని పదాలు తప్ప మిగతావన్నీ సున్నాలైన సంఖ్యల వరుసల (సీక్వెన్సుల) స్పేస్ తీసుకుని, ఎన్-వ ఫంక్షనల్ అంటే ఎన్-వ పదాన్ని ఎన్‌తో గుణించడం అనుకుంటే పని అయిపోతుంది. ఏ ఒక్క వరుస దగ్గర చూసినా విలువలు అదుపులోనే ఉంటాయి, నార్మ్‌లు మాత్రం పెరుగుతూనే పోతాయి. రెండు లైన్ల జవాబు. అది తట్టడానికి ఒక సాయంత్రమంతా పడుతుంది. తట్టాక కంప్లీట్‌నెస్ అనే షరతు అక్కడ ఎందుకుందో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇలాంటివి ఒంటరిగా చేయడం కష్టం. అందుకే ముగ్గురు, నలుగురు కలిసి లైబ్రరీలోనో, కారిడార్ బల్లల దగ్గరో కూర్చుంటారు. మన పిల్లలు మొదట్లో తెలుగువాళ్ళతోనే గ్రూపు కడతారు. ఇంటి బెంగకు మంచిదే, షీటుకు అంత మంచిది కాదు. ఇక్కడే బ్యాచిలర్స్ చేసినవాళ్ళు ఒకరైనా గ్రూపులో ఉంటే, వాళ్ళు మొదటి ఏడాది నుంచే ప్రూఫులు రాసి రాసి ఉన్నవాళ్ళు కాబట్టి, మన రాత తీరు కూడా మారుతుంది. దిద్దేటప్పుడు నేను చూసిందేమిటంటే, ‘స్పష్టంగా’, ‘సులువుగా తెలుస్తుంది’ అనే మాటలు ఎక్కడ కనబడ్డాయో దాదాపు ప్రతిసారీ లోపం అక్కడే ఉంటుంది. మార్కు పోయేదీ అక్కడే.

పరీక్షల సంగతి వేరు. మిడ్ మార్కులు, ఇంటర్నల్స్ లాంటి ఊతకర్రలు లేవు. చాలా సబ్జెక్టుల్లో సెమిస్టర్ మొత్తానికీ ఒకే పరీక్ష, గ్రేడంతా దాని మీదే. 1.0 అంటే అన్నిటికంటే మంచి గ్రేడు, 4.0 అంటే పాస్, 5.0 అంటే ఫెయిల్. ఈ తిరగేసిన లెక్క ఇంట్లో వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడమే ఒక పరీక్ష. షీట్లు బాగా చేసినవాళ్ళకు కొన్ని కోర్సుల్లో గ్రేడు కాస్త మెరుగుపరుస్తారు, అన్నిట్లో కాదు. ఒక్క రోజు మీద ఇంత బరువు పెట్టడం నాకు ఇప్పటికీ నచ్చదు. ఆరోజు జ్వరమొస్తే డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, లేదా మళ్ళీ పెట్టే పరీక్ష దాకా ఆగాలి. మాస్టర్స్‌లో కొన్ని కోర్సులకు నోటి పరీక్ష ఉంటుంది. ప్రొఫెసర్, పక్కన నోట్సు రాసుకునే ఇంకొకరు, మీరు. అరగంటలోపే అయిపోతుంది. మన దగ్గర వైవా అంటే ఉన్న భయంతో వెళ్తారు కానీ, తెలియనిదాన్ని అక్కడికక్కడే ఆలోచించి చెబితే వింటారు. నాకైతే రాత పరీక్ష కంటే ఇదే నయం.

పని భారం గురించి కన్సల్టెన్సీలు చెప్పవు. మాస్టర్స్ 120 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కి 30 గంటల పని అని లెక్క. అంటే ఫంక్షనల్ అనాలిసిస్ లాంటి 9 క్రెడిట్ల కోర్సుకు 270 గంటలు. పార్ట్‌టైమ్ పని పెట్టుకుని ఇలాంటివి మూడు తీసుకుంటే నిద్ర పోతుంది.

విభాగం ఊరి బయట గార్షింగ్‌లో, ఇన్ఫర్మాటిక్స్‌తో కలిసి ఒకే భవనంలో ఉంది. 2006లో మెట్రో యూ6 లైను క్యాంపస్ దాకా వచ్చింది, అదే చివరి స్టేషన్. భవనంలో మూడో అంతస్తు నుంచి కింది దాకా రెండు పెద్ద జారుడుబల్లలు ఉన్నాయి, పారబోలా ఆకారంలో. చాప వేసుకుని జారాలి. చుట్టాలెవరైనా వస్తే ముందు అడిగేది అదే. అదే భవనంలో ప్రొఫెసర్ యుర్గెన్ రిష్టర్-గేబర్ట్ మొదలుపెట్టిన ఇక్స్-క్వాడ్రాట్ అనే గణిత ప్రదర్శన ఉంది. సిండ్రెల్లా అనే జామెట్రీ సాఫ్ట్‌వేర్ చేసినవారిలో ఆయన ఒకరు. జారుడుబల్ల చూసి వెళ్ళిపోయేవాళ్ళు దీన్ని వదిలేస్తున్నారు, అది అన్యాయం. గణితాన్ని చేత్తో తాకి చూపించడం ఇక్కడ పాత అలవాటే. 1870ల్లో ఫెలిక్స్ క్లైన్, అలెగ్జాండర్ బ్రిల్ ఇక్కడ పాఠాలు చెబుతూ విద్యార్థుల చేత ప్లాస్టర్‌తో వక్రతలాల నమూనాలు చేయించారు.

పది గంటల క్లాసంటే చాలాసార్లు పదింబావుకి మొదలు. క్లాసు అయ్యాక అందరూ చప్పట్లకు బదులు బల్ల మీద వేళ్ళ కణుపులతో కొడతారు. మొదటిసారి ప్రొఫెసర్‌ని వెళ్ళగొడుతున్నారేమో అనిపిస్తుంది. 2022 నుంచి మ్యాథ్స్, ఇన్ఫర్మాటిక్స్, ఎలక్ట్రికల్ ఒకే స్కూల్ (యూనివర్సిటీలో ఒక పెద్ద విభాగం) కిందికి వచ్చాయి, చదువుకునేవాళ్ళకు రోజువారీగా పెద్ద తేడా ఏమీ లేదు.

ఇక డబ్బు. నేను చేరినప్పుడు ట్యూషన్ ఫీజు లేదు. 2024-25 శీతాకాలం సెమిస్టర్ నుంచి యూరోపియన్ యూనియన్ బయటి దేశాల వాళ్ళకు మాస్టర్స్‌కి సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోల ఫీజు పెట్టారు. స్కాలర్‌షిప్పులు, మినహాయింపులు ఉన్నాయి కానీ వాటిని నమ్ముకుని అప్పు చేయొద్దు. ఫీజు లేనప్పుడు ఎవరడిగినా కళ్ళు మూసుకుని వెళ్ళమనేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ప్రాబబిలిటీ, ఆప్టిమైజేషన్, న్యూమరిక్స్, ఫైనాన్షియల్ మ్యాథ్స్ లాంటి వాటిలో నిజంగా లోతుకు వెళ్ళాలనుకునేవాళ్ళకే చెబుతాను. డేటా సైన్స్ ఉద్యోగం కోసం పేరున్న డిగ్రీ చాలనుకుంటే, జర్మనీలోనే ఫీజు లేని ప్రభుత్వ యూనివర్సిటీలు ఇంకా చాలా ఉన్నాయి. అక్కడికి వెళ్ళండి.

మాస్టర్స్ ఇంగ్లిష్‌లో పూర్తి చేయొచ్చు, కానీ మంచి సెమినార్లు కొన్ని జర్మన్‌లోనే జరుగుతాయి. జర్మన్ బీ1 స్థాయి (మధ్యస్థ స్థాయి) దాకా ఇంటి దగ్గరే నేర్చుకుని రండి. మన డిగ్రీలు అసలైనవేనని జర్మన్లు పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి ముందే అప్లై చేయండి, అది లేకుండా మన డిగ్రీలతో పని జరగదు. అడ్మిషన్ వచ్చిన రోజే స్టూడెంట్ హాస్టల్ వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకోండి, మ్యూనిక్‌లో అద్దెలు జర్మనీ మొత్తంలోనే ఎక్కువ. ఫొటోలు చూపించి ముందే అడ్వాన్స్ పంపమనేవాళ్ళు ఎవరైనా సరే, గది కళ్ళతో చూడకుండా ఒక్క యూరో కూడా పంపొద్దు.