పగిలిన పైపుకు ముద్ద పెట్టడమా, ముక్క మార్చడమా: ఏది మేలు?

వేసవి ముగిసే వేళకు డాబాల మీది నీళ్ల పైపులు పగలడం మా వీధిలో ఏటా జరిగేదే. ఎపాక్సీ పుట్టీ (రెండు ముద్దలు కలిపి పిసికితే గట్టిపడే అతుకు పదార్థం) పెడితే సరిపోతుందా, పైపు కోసి కొత్త ముక్క వేయాలా అని ఇరుగుపొరుగు వారు పదేపదే అడుగుతుంటారు. ఈ ఏడు మా ట్యాంకు నుంచి కిందికి దిగే అంగుళం పైపే నెర్రె విచ్చడంతో, రెండు పద్ధతులనూ ఒకే చోట చేసి చూడవలసి వచ్చింది.

పుట్టీతో పని సులువు. రెండు ముద్దలను సమానంగా తీసుకొని, చారలు లేకుండా ఒకే రంగు వచ్చేదాకా పిసికి, గరుకు కాగితంతో రుద్ది ఆరబెట్టిన పైపు చుట్టూ గట్టిగా ఒత్తితే చాలు. పైపును కదల్చనక్కర లేదు కాబట్టి, రంపం ఆడించే చోటు లేని గోడ మూలల్లో కూడా ఇది సాధ్యపడుతుంది. ముక్క మార్చడానికి హ్యాక్సా బ్లేడు, సరైన కొలత కప్లింగులు (రెండు పైపు కొసలను కలిపే గొట్టపు ముక్కలు), సొల్యూషన్ (పైపులు అతికించే ద్రావణం), కాస్త ఓపిక కావాలి. ఖర్చులో తేడా ఉన్నా, అది నిర్ణయాన్ని మార్చేంత పెద్దది కాదు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చూడవలసింది పైపుకు పడినది రంధ్రమా, నెర్రెయా అన్నది. మేకు దిగబడి ఏర్పడిన చిన్న రంధ్రం ఎంత ఉన్నదో అంతే ఉంటుంది. దాని మీద పెట్టిన పుట్టీ చాలాకాలం నిలవవచ్చు. ఎండకు పెళుసుబారిన పీవీసీ పైపులో నిలువునా పుట్టిన నెర్రె అలా ఊరుకోదు. పగటి వేడికి పైపు సాగి రాత్రి కుంచించుకుపోయినప్పుడల్లా, కింద కొళాయిని ఒక్కసారిగా కట్టేసినప్పుడు నీరు ఎదురుతన్నినప్పుడల్లా, అది కొంచెం కొంచెంగా ముందుకు పాకుతూనే ఉంటుంది. మా పైపుకు నాలుగంగుళాల మేర పుట్టీ పట్టించి, రాత్రంతా ఆరనిచ్చి నీళ్లు వదిలితే పదకొండు రోజులు చుక్క కూడా కారలేదు. పన్నెండో రోజున, ముద్ద చెక్కుచెదరకుండా ఉండగానే, దాని అంచు దాటిన చోట నీరు చిమ్మింది.

అతుకు తీరులోనూ తేడా ఉంది. పుట్టీ పైపు మీద కూర్చొని ఉంటుంది, లోపలి నీరు దానిని నిత్యం బయటికి తోస్తూ ఉంటుంది. నీటిమట్టం పది మీటర్ల ఎత్తున ఉంటే ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 1 కిలో. సొల్యూషన్ పైపు పై పొరను, కప్లింగు లోపలి పొరను కాస్త కరిగించి రెంటినీ ఒకే ముక్కగా కలిపేస్తుంది. అందువల్ల నెర్రె ఉన్న పైపుకు ముక్క మార్చడమే మేలని నేను చెబుతున్నాను.

కోసేటప్పుడు కంటికి కనిపించే నెర్రె చివరల నుంచి అటూ ఇటూ రెండంగుళాలైనా వదలాలి. కోసిన అంచుల పొట్టు గీకి, పైపుకూ కప్లింగుకూ సొల్యూషన్ రాసి, పావు చుట్టు తిప్పుతూ చివరిదాకా తోసి, అది వెనక్కి జారకుండా అర నిమిషం పట్టుకోవాలి. గోడకు బిగించిన పైపు అటూ ఇటూ జరగదు కనుక ఒక కొసన కప్లింగు, రెండో కొసన యూనియన్ (మర తిప్పి విప్పి బిగించగల అతుకు) వేసుకుంటే పని సాగుతుంది. కొత్తగా చేసేవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ట్యాంకు నీటిని ఆపే గేట్ వాల్వ్: పాతబడితే అది పూర్తిగా కట్టుకోదు, సన్నగా జారే ఆ నీటి ధార అతుకును పట్టనివ్వదు. అలాంటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కింది కొళాయి తెరిచి, పైపు లోపలంతా గుడ్డతో తుడవడం తప్పదు.

గీజరు నుంచి వచ్చే మీగడ రంగు పైపు సీపీవీసీ, అంటే వేడినీటిని తట్టుకునే రకం పీవీసీ. దానికి సీపీవీసీ సొల్యూషనే వాడాలి. అర అంగుళం అని ఒకే పేరున్నా దాని బయటి వ్యాసం 15.9 మిల్లీమీటర్లు, మామూలు చన్నీళ్ల పైపైన యూపీవీసీది 21.3 మిల్లీమీటర్లు. అందుకే కోసిన ముక్కను చేతపట్టుకొని దుకాణానికి వెళ్లాలి.

సైకిల్ ట్యూబు చుట్టి క్లాంపు బిగించడం రాత్రి గడపడానికి పనికొస్తుంది. టెఫ్లాన్ టేపు మర తిప్పి బిగించే అతుకులకే, పగుళ్లకు కాదు.

సొల్యూషన్ డబ్బా మీద రాసినంత సేపు ఆగాక, ముందు కింది కొళాయి తెరిచి, తర్వాత వాల్వును మెల్లగా తిప్పితే లోపలి గాలి పోయి నీరు నెమ్మదిగా నిండుతుంది. అతుకు చుట్టూ పొడి వార్తాపత్రిక కాగితం చుట్టి కట్టి, మర్నాడు ఉదయం అది తడిసిందేమో చూడాలి. కంటికి ఆనని చెమ్మ కూడా కాగితం మీద మరకగా కనిపిస్తుంది.