సరి, బేసి కూడికలు తీసివేతలు: పిలకాయలకు ఎట్టా చెబితే మేలు?

"బేసికి బేసి కలిపితే ఏమొస్తుంది?" అని మూడో తరగతి పిలకాయల్ని అడగండి. "సరి!" అని గది అదిరేట్టు చెబుతారు. "ఎందుకని?" అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తెలివి లేక కాదు, మనం పాఠం మొదలుపెట్టిన తీరులోనే ఆ ప్రశ్నకు చోటు లేదు. ఈ లెక్కలు నేర్పడానికి దారులు చాలా ఉన్నాయి. పట్టిక రాయించి వల్లె వేయించవచ్చు. చివరి అంకె చూడమనవచ్చు. ఇద్దరికి పంచమనవచ్చు, జతలు కట్టించవచ్చు, గీత మీద గెంతించవచ్చు. దేంతో చెప్పినా జవాబు ఒకటే వస్తుంది. కానీ మొదటి రోజు ఏది చేతికిచ్చామన్న దాన్ని బట్టే పిల్లలకు కారణం దక్కుతుందా, మాట ఒక్కటే దక్కుతుందా అన్నది తేలుతుంది. నేను జతల పక్షం. మిగతా వాటికీ వాటి చోటు ఉంది, కానీ అది మొదటి చోటు కాదు.

పట్టికతో పని త్వరగా అయిపోతుంది. సరికి సరి కలిపితే సరి, బేసికి బేసి కలిపితే సరి, ఒకటి సరి ఒకటి బేసి అయితే బేసి. తీసివేతకూ అదే వరస. ఒక్క పీరియడ్ చాలు, పరీక్షలో ఖాళీలు నింపేస్తారు. చిక్కు గుణకారం దగ్గర మొదలవుతుంది. అక్కడ బేసిని బేసితో గుణిస్తే బేసే వస్తుంది, సరిని దేనితో గుణించినా సరి వస్తుంది. కారణం తెలియకుండా నోటికి వచ్చిన రెండు పట్టికలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. "బేసి, బేసి అంటే సరి కదా సార్" అంటూ 7 × 3 దగ్గర తడబడతారు. 1 + 1 = 2, 1 + 2 = 3 అని చిన్న అంకెలతో సరిచూసుకొని మరిచిపోయిన పట్టికను మళ్లీ రాసుకోగల పిల్లలు లేకపోలేదు. అయితే అట్టా సరిచూసుకోవచ్చని తట్టాలంటే ముందు లెక్క మీద కొంత పట్టు ఉండాలి. అది లేని పిల్లలకే కదా మనం ఎక్కువ కష్టపడాల్సింది.

ఒకట్ల స్థానం చూడమనే పద్ధతిని నేను తక్కువ చేసి మాట్లాడను. పెద్ద సంఖ్యలకు దాన్ని మించింది లేదు. విజయవాడ నుంచి ఒంగోలు, నెల్లూరు మీదుగా చెన్నైకి పోయే పినాకిని ఎక్స్‌ప్రెస్ నంబరు 12711, తిరిగొచ్చే బండి 12712. పన్నెండు వేల పైచిలుకు గింజల్ని ఎవరు పేరుస్తారు? చివర 1 ఉంటే బేసి, 2 ఉంటే సరి. రెండూ కలిపితే బేసి వస్తుందని కలపకముందే చెప్పొచ్చు. గూడూరు నుంచి సికింద్రాబాదు పోయే సింహపురి 12709, వచ్చేది 12710. ఈ నంబర్లు బోర్డు మీద రాస్తే, పక్కపక్క సంఖ్యలు ఏ రెండు కలిపినా బేసే వస్తుందని పిలకాయలే పట్టేస్తారు.

ఇంకో మంచి గుణం కూడా ఉంది. బేసి సంఖ్యల చివర వచ్చేవి 1, 3, 5, 7, 9 మాత్రమే. పలక మీద అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్లు గీసి అన్ని కూడికలూ రాయిస్తే 25 గళ్లు నిండుతాయి, ఒక్క గడిలోనూ బేసి రాదు. ఉన్నవన్నీ వరసగా చూసేశాం కాబట్టి అది ఉదాహరణ స్థాయి దాటి రుజువే అయింది. నాలుగో తరగతి పిల్లలు తమ చేత్తో చేసుకోగల రుజువు ఇది. పలకరాయికి పేరుపడ్డ మార్కాపురం పక్కనే ఉన్న మనం పలకను అక్షరాలు దిద్దించడంతోనే పక్కన పెట్టేయకూడదు.

అయినా మొదటి పాఠానికి ఇది పనికిరాదంటాను. 36 చూపించి సరో బేసో చెప్పమంటే, ముందున్న 3 చూసి బేసి అనే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. "చివరిదే చూడాలి" అని దిద్దుతాం. ముందున్న అంకెతో పనెందుకు లేదో చెప్పాలంటే పదిలో అయిదు జతలున్నాయనీ, ఎన్ని పదులున్నా ఒంటిగా ఏదీ మిగలదనీ చెప్పాలి. అంటే జతల దగ్గరికి రాక తప్పదు. వచ్చేదేదో ముందే వస్తే సరిపోతుంది.

పంపకం సంగతి వేరు. ఇద్దరికి సమానంగా వస్తే సరి, రాకపోతే బేసి. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ తన ఎలిమెంట్స్ అనే గ్రంథం ఏడో భాగంలో సరి సంఖ్యకు ఇచ్చిన నిర్వచనం ఇదే. బేసి సంఖ్య అంటే రెండు సమభాగాలు కానిదనీ, సరి సంఖ్యకు ఒకటి తేడాగా ఉండేదనీ అన్నాడు. అన్నదమ్ములున్న ఇంట్లో పెరిగిన పిల్లలకు సమానంగా పంచడం ఒకరు నేర్పక్కర్లేదు. కూడికకు కూడా బాగానే నడుస్తుంది. ఏడు గోలీలు ఇద్దరికి పంచితే మూడేసి పోయి ఒకటి మిగులుతుంది. అయిదు పంచితే రెండేసి పోయి ఒకటి మిగులుతుంది. మిగిలిన రెండూ తలా ఒకటి ఇచ్చేస్తే ఇద్దరికీ సమానం.

కానీ ఏడు గోలీలకు బదులు ఏడు దోసెలు అన్నారనుకోండి. "మూడున్నర, మూడున్నర" అని జవాబు వస్తుంది, ఆ జవాబు నూటికి నూరుపాళ్లు నిజం. తుంచగలిగిన వస్తువు పేరెత్తితే సరి, బేసి అన్న తేడాయే చెదిరిపోతుంది. అందుకే ఈ పాఠంలో తినేవాటి ఊసు రాకూడదు. తీసివేత దగ్గర ఇంకో ఇబ్బంది. ఎనిమిదిని ఇద్దరికి నాలుగేసి పంచాక మూడు తీసేయమంటే, ఎవరి దగ్గర ఎన్ని తీయాలన్న తగవు మొదలవుతుంది. ఒకరి దగ్గరే మూడు తీస్తే ఒకటి, నాలుగు మిగులుతాయి. ఒకరి దగ్గర రెండు, ఇంకొకరి దగ్గర ఒకటి తీస్తే రెండు, మూడు మిగులుతాయి. మళ్లీ సర్దాలి, మళ్లీ చూడాలి. చూడాల్సిన విషయం ఆ సర్దుబాట్లలో మరుగున పడిపోతుంది.

ఇక జతలు. సంక్రాంతికి ఒంగోలు ఎడ్ల బండలాగుడు పందేలు చూసిన పిలకాయలకు జత అంటే ఏమిటో విప్పి చెప్పాలా? కాడికి రెండు ఎడ్లు కట్టినట్టే రెండేసి చింతగింజలు పక్కపక్కన పెట్టమనండి. అన్నిటికీ తోడు దొరికితే సరి, ఒకటి ఒంటిగా మిగిలితే బేసి. తలా పిడికెడు గింజలిచ్చి పేర్పించి, "ఒంటిది మిగిలిందా?" అని అడిగితే చాలు, నిర్వచనం రాయించే పని లేదు.

అసలు పాఠం ఆ తర్వాత ఉంది. ఒకరు 7 గింజలు, ఒకరు 5 గింజలు పేర్చాక, ఇద్దరినీ తమ జతల్ని అరచేతితో మూసేయమనండి. బయట చెరొక ఒంటి గింజ కనిపిస్తుంది. ఇప్పుడు రెండూ కలిపేస్తే ఒంటివి మిగులుతాయా? ఆ రెండూ ఒకదానికొకటి తోడైపోతాయి. "చేతుల కింద ఎన్ని జతలున్నాయో నీకు తెలుసా నాయనా?" అని చూస్తున్న మూడో పిల్లవాణ్ణి అడగండి. తెలియదంటాడు. తెలియకుండానే సరి అని ఎట్టా చెప్పగలిగాడు? అక్కడే వెలుగు. మూడు జతలున్నా ముప్పై జతలున్నా మూసిన చేతి కింద ఏ తేడా లేదని వాళ్లకు అర్థమైన క్షణంలో 7 + 5 అనే లెక్క అన్ని బేసి సంఖ్యలకూ లెక్క అయిపోతుంది. పెద్ద తరగతుల్లో బీజగణితంతో చెప్పేది ఇదే. ఆ అక్షరాలు రాకముందే అందులోని ఆలోచన ఏడేళ్ల పిల్లల చేతికి అందుతోంది. ఇంకే పద్ధతిలోనూ ఇంత చౌకగా ఇది దొరకదు.

తీసివేత ఇంకా బాగుంటుంది, తొందరపడకుండా చేయిస్తే. 9 లోంచి 4 తీస్తే రెండు జతలు పోతాయి, ఒంటిది అట్టాగే ఉంటుంది. 9 లోంచి 5 తీస్తే ఒంటిదీ పోతుంది, రెండు జతలూ పోతాయి, జతలే మిగులుతాయి. 8 లోంచి 3 తీయమన్నప్పుడు చేతులు ఆగుతాయి. ఒక జత తీశాక ఇంకొక్కటే తీయాలి, కానీ ఒంటిది లేదు. ఏం చేయాలో మీరు చెప్పకండి. కాసేపటికి ఎవరో ఒకరు ఒక జతను విడగొడతారు. విడిపోయిన రెండో గింజ ఒంటిదై మిగులుతుంది. సరిలోంచి బేసి తీస్తే బేసి ఎందుకొస్తుందో అప్పుడు ఎవరికీ చెప్పక్కర్లేదు. 9 లోంచి 5 తీసేటప్పుడు ఒంటిదాన్ని ముట్టకుండా జతను విడగొట్టేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లని ఆపకండి. చివరికి రెండు ఒంటివి మిగిలి, అవి జతకూడతాయి. ఏ గింజ తీసినా ఫలితం మారదని కూడా దాంతోనే తెలుస్తుంది.

కూడికకూ తీసివేతకూ ఒకే నియమం ఎందుకని టీచర్లే అడుగుతుంటారు. 9 + 4 = 13, 9 − 4 = 5. ఆ రెండు జవాబుల మధ్య దూరం 8, అంటే రెండు నాలుగులు. ఎప్పుడు చూసినా ఆ దూరం చిన్న సంఖ్యకు రెట్టింపే, అంటే అన్నీ జతలే. సరి దూరంలో ఉన్నవి రెండూ ఒకే రకం కాక తప్పదు.

సున్న సరా, బేసా అన్న తగువు కూడా ఇక్కడే తీరుతుంది. 7 లోంచి 7 తీస్తే ఒంటిది ఏదీ మిగల్లేదు, కాబట్టి సున్న సరి.

జతల పద్ధతిలో జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డెబొరా బాల్ అనే ఉపాధ్యాయురాలు 1990 జనవరిలో మూడో తరగతికి పాఠం చెబుతుండగా, ఒక పిల్లవాడు 6 సరీ అవుతుంది, బేసీ అవుతుంది అన్నాడు. ఆరులో మూడు రెండ్లున్నాయి, మూడు బేసి కదా అని వాడి వాదన. ఆమె వాడి నోరు మూయించలేదు, తరగతి మొత్తాన్నీ వాదించనిచ్చింది. 2, 6, 10, 14 అన్నీ అట్టాంటివేనని తేలింది, ఆ సంఖ్యలకు పిల్లవాడి పేరే పెట్టుకున్నారు. ఆ తరగతి వీడియో మీద గణిత బోధన చదివేవాళ్లు ఇప్పటికీ చర్చిస్తారు. మన దగ్గరా ఈ ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. "ఎన్ని జతలు?" అన్నది ఒక ప్రశ్న, "ఒంటిది మిగిలిందా?" అన్నది ఇంకో ప్రశ్న. సరి, బేసి తేల్చేది రెండోదే. మొదటి రోజు నుంచీ ఆ రెండో ప్రశ్ననే పదేపదే అడుగుతుంటే గందరగోళం తక్కువ.

కూడిక సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఈ నియమాలు పనికొస్తాయని చెబుతాం. నిజమే, 47 + 36 కి 82 రాస్తే తప్పని వెంటనే తెలుస్తుంది. అయితే అతిగా నమ్మించకూడదు. చేతిలో ఉన్న ఒకటిని కలపడం మరిచిపోయి 73 రాశారనుకోండి, అదీ బేసే. తప్పు పదితో పోయింది, పది సరి, కాబట్టి దొరకలేదు. 52 − 27 లో అప్పు తెచ్చుకోకుండా 7 లోంచి 2 తీసేసి 35 రాసినా అంతే, అసలు జవాబు 25, రెండూ బేసే. చిన్న పిల్లలు ఎక్కువగా చేసే రెండు తప్పులనూ ఈ పరీక్ష పట్టుకోలేదు. ఆ మాట వాళ్లకు ముందే చెప్పాలి.

చివరగా గీత మీద గెంతులు. వసారాలో సున్న నుంచి 30 దాకా గళ్లు గీసి, సరి గళ్లకు తెల్ల సుద్ద, బేసి గళ్లకు ఎర్ర సుద్ద పూయండి. సరి సంఖ్య గెంతితే రంగు మారదు, బేసి సంఖ్య గెంతితే మారుతుంది. వెనక్కి గెంతినా అంతే, తీసివేత విడిగా చెప్పే పనే లేదు. కారణం చెప్పడంలో ఇది జతలకు సాటి రాదు, కానీ రెండుకు మించిన సంఖ్యలు కలపాల్సి వస్తే ఇదే మేలు. 7 + 4 + 9 + 2 + 5 లో బేసివి మూడు, రంగు మూడుసార్లు మారింది, జవాబు ఎరుపు గడిలోనే పడుతుంది. యూక్లిడ్ తొమ్మిదో భాగంలో 21 నుంచి 27 దాకా ఉన్న ఏడు ప్రతిపాదనలూ ఈ పాఠమే. బేసి సంఖ్యలు సరి లెక్కలో ఉంటే మొత్తం సరి, బేసి లెక్కలో ఉంటే మొత్తం బేసి అని 22, 23 చెబుతాయి. 22లో ఆయన చేసిన పని కూడా, ప్రతి బేసి సంఖ్యలోంచి ఒకటి పక్కకు తీసి, తీసినవి ఎన్నో చూడడమే.

గెంతులు బాగా వచ్చాక ఈ లెక్క ఇవ్వండి. ఒక కాపరి దగ్గర 25 జొడిపి రకం నెల్లూరు గొర్రెలున్నాయి. నాలుగు దొడ్లలో తోలాలి, ఏ దొడ్లో చూసినా బేసి సంఖ్యే ఉండాలి. పట్టిక మాత్రమే వచ్చిన పిల్లలు అంకెలు మార్చి మార్చి రాస్తూనే ఉంటారు. గెంతిన వాళ్లు నాలుగు బేసి గెంతులు తెల్ల గడిలోనే దించుతాయనీ, 25 ఎర్ర గడి అనీ చూసి కుదరదంటారు. గింజలు పేర్చిన వాళ్లు నాలుగు ఒంటివి రెండు జతలైపోతాయి, 25 కి కావలసిన ఒంటిది ఎక్కడా లేదంటారు. అప్పుడు దొడ్లు అయిదు చేయండి. అయిదేసి అని కొందరు, 1, 3, 5, 7, 9 అని కొందరు రాస్తారు. రెండో జవాబు రాసిన వాళ్లకు గింజలిచ్చి, ఒకటి మూలన పెట్టి, దాని చుట్టూ మూడు, వాటి చుట్టూ అయిదు, ఇట్టా రెండు వైపులా మడిచి పేర్చుకుంటూ పొమ్మనండి. చివరి తొమ్మిది గింజలూ పెట్టేసరికి ఎటు లెక్కపెట్టినా అయిదే ఉండే చదరం వస్తుంది.