లాడ్జి కౌంటర్‌లో మూడేళ్లు: యూగ్లిష్ నాకు ఎంతవరకు పనికొచ్చింది

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పని చేస్తాను. తమిళం బాగానే వచ్చు, కన్నడం, హిందీ ఎలాగో నెట్టుకొస్తాను. చిక్కంతా అమెరికాలో పుట్టిన మనవాళ్ల పిల్లలతోనే. డిగ్రీ దాకా ఇంగ్లీష్ చదివినవాణ్ణే. వాళ్ల పాస్‌పోర్టు చూసి, విదేశీయులు దిగినప్పుడు 24 గంటల్లోపు ప్రభుత్వానికి పంపాల్సిన ఫారం తప్పు లేకుండా నింపుతాను. కాగితం మీద ఇంగ్లీష్ నా మాట వింటుంది. నోటి ఇంగ్లీషే వినదు.

ఒక మధ్యాహ్నం ఒకావిడ గది ఖాళీ చేసి, "డూ యూ మైండ్ ఇఫ్ వీ లీవ్ అవర్ బ్యాగ్స్ హియర్?" అంది. బ్యాగులు, ఇక్కడ, పెట్టడం. నాకు అందిన ముక్కలు ఇవి, చాలనుకున్నాను. "యెస్ యెస్ మేడమ్!" అన్నాను మంచి హుషారుగా. ఆవిడ ముఖం మాడ్చుకుని బ్యాగులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది. "ఏందన్నా, ఆయమ్మ అట్లా పోతా ఉంది?" అని రూమ్ బాయ్ అడిగితే, నేనూ తెల్లమొహం వేశాను. ఆ రాత్రి మా అక్క కొడుకు విని పడీపడీ నవ్వాడు. "మామా, నీకేమైనా అభ్యంతరమా అని ఆమె అడిగితే, ఉంది ఉంది అన్నావు నువ్వు." నవ్వడం అయ్యాక వాడే నా ఫోన్‌లో యూగ్లిష్ అనే సైటు తెరిచి పెట్టాడు. మూడేళ్లయింది. ఇప్పటిదాకా ఒక్క రూపాయి కట్టలేదు.

పని చేసే తీరు చెప్తాను. ఏదైనా మాట టైప్ చేస్తే, దాన్ని ఎవరో ఒకరు నిజంగా అన్న యూట్యూబ్ వీడియో సరిగ్గా ఆ చోటి నుంచే మొదలవుతుంది. వాళ్లు అంటున్నది కింద అక్షరాల్లో కనిపిస్తుంది. తర్వాతది నొక్కితే ఇంకొకరి నోట అదే మాట. అమెరికా యాసో, బ్రిటన్ యాసో, ఆస్ట్రేలియా యాసో కావలసింది ఎంచుకోవచ్చు, వేగమూ తగ్గించుకోవచ్చు. అంతే. పాఠాలు చెప్పే టీచర్ ఇందులో లేడు.

మొదటి రెండు నెలలు దీన్ని నేను తప్పుగానే వాడాను. అక్షరాలు చదువుతూ వినేవాణ్ణి. చదువుతుంటే అన్నీ అర్థమవుతాయి, చెవికి మాత్రం ఏమీ అబ్బదు. తర్వాత పద్ధతి మార్చాను. నైట్ డ్యూటీలో తిరుమల కొండ పైకి వెళ్లే కార్లు కదిలిపోయాక కౌంటర్ ఖాళీగా ఉంటుంది. పగలు గెస్టులు అన్నది నా చెవికి ఎలా పడితే అలా పాత రిజిస్టర్ వెనక పేజీల్లో తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను. "గిమ్మెసెక్". "వడ్యవాంట్". "లెమ్మీనో". రాసినదాన్ని నాలుగుసార్లు పైకి చదివితే అసలు మాటలు విడివడతాయి. గివ్ మీ ఎ సెకండ్. వాట్ డూ యూ వాంట్. లెట్ మీ నో. అప్పుడు వాటిని సైటులో కొట్టి, కళ్లు మూసుకుని ఓ పదిమంది నోట వినేవాణ్ణి. చెవికి పడింది పడినట్టు రాసుకోవడానికి మన లిపి ఉండగా, ఇంగ్లీష్ స్పెల్లింగులతో ఎందుకు కుస్తీ పట్టాలో నాకు అర్థం కాదు.

మనమూ ఏం తక్కువ తినలేదు. "ఏమి అంటున్నావు" అని ఎవరంటారు? ఏమంటున్నావ్ అంటాం, మా చిత్తూరు వైపైతే ఇంకా నలిపేస్తాం. పుస్తకం పట్టుకుని తెలుగు నేర్చుకున్నవాడెవడైనా మా బస్టాండ్‌లో నిలబడితే నా కౌంటర్‌లో నేను పడ్డ పాట్లే పడతాడు. సంధులు మనకే ఉన్నాయనుకోవడం నా పొరపాటు.

ఈ సైటు నాకు నిజంగా మేలు చేసింది "కెన్", "కాంట్" దగ్గర. పన్నెండుకి గది ఖాళీ చేయగలమన్నారా, చేయలేమన్నారా? ఇంకో కుటుంబం కింద సోఫాలో కూర్చుని ఉంటుంది, నాకేమో టెన్షన్. అమెరికావాళ్లు కాంట్‌ను క్యాంట్ అంటారు, అదీ చివరి టకారం మింగేసి. ఆ టకారం కోసం చెవులు రిక్కించి నెలల తరబడి మోసపోయాను. ఒక రాత్రి వరసగా నలభై వీడియోలు విన్నాక తెలిసింది, చూడాల్సింది అక్కడ కాదని. చేయగలం అనేటప్పుడు ఆ మాట "కన్" అని చిన్నదైపోయి, బరువంతా తర్వాతి క్రియ మీద పడుతుంది. "వీ కన్ మేకిట్". చేయలేం అనేటప్పుడు "క్యాన్" అని నిండుగా, నొక్కి వస్తుంది. టకారం వినపడినా పడకపోయినా ఆ నొక్కు ఉంటుంది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ కూడా అంతే. పదిహేనైతే చివర్లో సాగుతుంది, యాభై అయితే మొదట్లోనే బరువు. మూడూ పదిహేనుకి కావలసిన కారును మూడూ యాభైకి పిలిచి తిట్లు తిన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

అర్థం కోసం మాత్రం దీని దగ్గరకు రావద్దు. ఇది వినిపిస్తుంది, విప్పి చెప్పదు. "క్యూలో ఆరు గంటలు నిలబడ్డాం" అని ఒకాయన అంటే, పక్కనున్నాయన "టెల్ మీ అబౌట్ ఇట్" అన్నాడు. చెప్పమంటున్నాడు కదా, ఈయన చెప్పడేమిటి అనుకున్నాను. సైటులో వెతికితే నిజంగానే "దాని గురించి చెప్పండి" అని అడిగేవాళ్లు కనిపించారు. ఇక్కడ దాని అర్థం "నాకు చెప్తావా, నేనూ పడ్డాను" అని, మన "నాకు తెలీదా ఏంటి" లాంటిది. ఇలాంటివాటికి బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్‌లో "ది ఇంగ్లీష్ వీ స్పీక్" వింటాను. ఒక్కో భాగం మూడు నిమిషాల చిల్లర, భాగానికి ఒక పలుకుబడి, రాతప్రతి కూడా దొరుకుతుంది. ఇంగ్లీష్ నేర్పడం బీబీసీ 1943లోనే రేడియోలో మొదలుపెట్టింది, ఆ అనుభవం ఇందులో కనిపిస్తుంది. అంతకుముందు ఒక స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్‌కి డబ్బు కట్టి తెచ్చుకున్న పుస్తకం ఇంకా సొరుగులో ఉంది. కుక్కలూ పిల్లులూ కలిసి కురిసే వాన అందులో మొదటి పేజీలోనే ఉంది. ఇన్నేళ్లలో ఆ మాట నా కౌంటర్ దగ్గర ఒక్కరూ అనలేదు, మూడు తుపాన్లు వచ్చిపోయినా సరే.

రోజూ వినపడేవి వేరే. ఎక్స్‌ట్రా బెడ్ కావాలా అంటే "వీఆర్ గుడ్" అంటారు. సరేనన్నారేమో అనుకుని బెడ్ మోయించాను, రెండంతస్తులు. అది మన "చాల్లే, వద్దు".

ఏ సైటూ చెప్పకుండా నేను పట్టుకున్నది ఒకటుంది. "యూ డోంట్ హావ్ ఎ లిఫ్ట్?" అని అడిగితే నేను "యెస్" అనేవాణ్ణి. అవును, లేదు అని నా భావం. తెలుగులో లిఫ్ట్ లేదా అంటే అవును లేదు అనే కదా అంటాం. వాళ్లకు ఆ యెస్ ఉందని వినపడుతుంది. పెట్టెలు పట్టుకుని లిఫ్ట్ ఎటువైపని వెతుక్కునేవాళ్లు పాపం. ఇప్పుడు యెస్, నో రెండూ మానేసి "నో లిఫ్ట్ సర్, బాయ్ విల్ క్యారీ" అంటాను.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. పదో తరగతి ఇంగ్లీష్ కూడా రానివాళ్లకు ఇది ముందే ఇవ్వకండి, బెదిరిపోతారు.

మొన్న డల్లాస్ నుంచి వచ్చిన కుర్రాణ్ణి, సాయంత్రం మీవాళ్లతో కపిలతీర్థం వెళ్తావా అని అడిగితే "ఐయామ్ డౌన్" అన్నాడు. ఒంట్లో బాగా లేదేమోనని వాళ్లమ్మకు ఫోన్ చేసి, జ్వరం బిళ్ల పైకి పంపాను. పది నిమిషాల్లో వాడు బూట్లు వేసుకుని, బిళ్ల చేత్తో పట్టుకుని కిందికి దిగొచ్చాడు. వస్తానని అర్థమట. ఆ రాత్రి రిజిస్టర్‌లో రాసుకుంటూ పై పేజీ చూస్తే, "ఐయామ్ అప్ ఫర్ ఇట్" అన్నదానికీ అదే అర్థం రాసి ఉంది, నా చేతిరాతతోనే.