9.9 మోటారుకు 7 అంగుళాల పిచ్ ఫ్యాను: నాలుగేళ్ల వాడకం తర్వాత

మాది కాకినాడ జగన్నాథపురం. పడవ ఉప్పుటేరులోనే కడతాం. 24 అడుగుల ఫైబర్ పడవ, వెనక 9.9 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డు మోటారు. నలుగురం వెళ్తాం. పడవ నడిపే సరంగు మా పెద్దనాన్న. నేను, మా బావ, ఇంకో కళాసీ మిగతా పని చూస్తాం. 2021 వేట నిషేధం రోజుల్లో ఈ మోటారుకు ఫ్యాను మార్చాం. ప్రొపెల్లర్ అని పుస్తకాల్లో రాస్తారు గానీ మేం ఫ్యాను అనే అంటాం. అప్పటి నుంచి నాలుగేళ్లు దాటింది. మా పడవ లాంటిదే ఉన్నవాళ్లకు పనికొస్తుందని మేం చూసిందంతా రాస్తున్నాను.

అసలు మేం ఫ్యాను కొనడానికి బయల్దేరలేదు. 15 హార్స్‌పవర్ మోటారు కొందామనుకున్నాం. దానికి ముందు సంవత్సరం అక్టోబరులో ఒక సాయంత్రం వల నిండా కానాగంత చేపలతో వస్తుంటే ఈశాన్యం గాలి లేచింది. హోప్ ఐలాండ్ ఉత్తరపు కొన దాటి లోపలికి వస్తే అఖాతం మామూలుగా నెమ్మదిగా ఉంటుంది. కానీ గాలి ఆ దిక్కు నుంచే వస్తే దీవి అడ్డు ఏం పనిచేస్తుంది? ఏటి మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, లోతు తక్కువ, కెరటం అక్కడ విరుగుతోంది. కెరటం పక్కకు తోసేస్తుంటే పడవను సరి చేసుకోవాలి, దానికి మోటారు ఒక్కసారిగా ఊపు ఇవ్వాలి. థ్రాటిల్ మొత్తం తిప్పినా మోటారు మూలుగుతోందే తప్ప పడవ లేవట్లేదు. ఆ పావుగంట టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. ఒడ్డుకు చేరాక పెద్దనాన్న, "దీంట్లో దమ్ము లేదురా అబ్బాయ్, పెద్దది కొనాలి" అన్నాడు. నేనూ అదే నిజమనుకున్నాను.

మోటారు మెకానిక్ దగ్గరికి వెళ్తే ఆయన ధర చెప్పలేదు. ముందు, "ఫుల్ థ్రాటిల్‌లో ఎన్ని ఆర్‌పీఎం తిరుగుతోంది?" అని అడిగాడు. నిమిషానికి ఎన్ని చుట్లు అని. మాకు తెలియదు. మా మోటారుకు మీటరే లేదు. ప్లగ్గు వైరు చుట్టూ తీగ చుట్టి పెట్టుకునే చిన్న డిజిటల్ మీటరు ఒకటి ఇచ్చాడు. ఈ నాలుగేళ్లలో మేం కొన్న చవకైన వాటిల్లో అదొకటి, ఎక్కువ మేలు చేసింది మాత్రం అదే.

మా మోటారు పుస్తకంలో ఫుల్ థ్రాటిల్ దగ్గర 5000 నుంచి 6000 మధ్య తిరగాలని ఉంది. వలలు, ఐసు, నలుగురు మనుషులతో వెళ్లి చూస్తే 4400 దగ్గరే ఆగిపోయింది. అంటే మోటారుకు ఉన్న బలమంతా బయటికి రావట్లేదు. ఎత్తు రోడ్డు మీద టాప్ గేరులో బండి ఎక్కించినట్టు నడుపుతున్నాం అన్నమాట. అలా ఏళ్ల తరబడి నడిపితే ఇంజిన్ వేడెక్కుతుంది, లోపల మసి పడుతుంది, పెట్రోలు మాత్రం తాగుతూనే ఉంటుంది.

కారణం ఫ్యాను మీదే రాసి ఉంది. మోటారుతో వచ్చిన ఫ్యాను పిచ్ 9 అంగుళాలు. పిచ్ అంటే జారకుండా తిరిగితే ఒక్క చుట్టుకు ఫ్యాను ముందుకు వెళ్లే దూరం. మరమేకు ఒక చుట్టుకు చెక్కలోకి ఎంత దిగుతుందో అలాంటిదే. మా మోటారు గేరు నిష్పత్తి 2.08, అంటే ఇంజిన్ 2.08 చుట్లు తిరిగితే ఫ్యాను ఒక చుట్టు తిరుగుతుంది. 4400ను 9తో గుణించి, 2.08తో, 1215తో (నిమిషానికి అంగుళాలను గంటకు నాటికల్ మైళ్లుగా మార్చే అంకె) భాగిస్తే గంటకు 15.7 నాటికల్ మైళ్లు వస్తుంది. జారుడు లేకపోతే పడవ అంత వేగంగా పోవాలి. మా ఫోనులోని జీపీఎస్ చూపించింది 6.2. మిగిలినదంతా నీళ్లను చిలకడానికే పోతోంది. తేలికైన చిన్న స్పీడు బోటుకు సరిపోయే ఫ్యానును టన్నున్నర బరువున్న పడవకు తగిలించామని అప్పుడు అర్థమైంది.

జీపీఎస్‌తో చూసేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఒకే వైపు వెళ్లి చూస్తే నమ్మకూడదు. పాటు నీరు (సముద్రంలోకి తగ్గే నీరు) లాగుతుంటే వేగం ఎక్కువ కనిపిస్తుంది, పోటుకు ఎదురెళ్తే తక్కువ. అదే దారిలో వెళ్లి, వెంటనే వెనక్కి వచ్చి, రెండింటి సగటు తీసుకోవాలి. మేం వాకలపూడి లైట్‌హౌసును గురుతు పెట్టుకుని అటూ ఇటూ తిరిగేవాళ్లం.

ఫ్యాను కొనేముందు పడవను ఒడ్డుకెక్కించి అడుగు చూడమన్నాడు మెకానిక్. మూడు నెలలుగా నీళ్లలోనే ఉంది. గవ్వల పొర గరుకు కాగితంలా పట్టేసింది. ఒక రోజంతా గీకి కడిగి మళ్లీ దింపితే ఫ్యాను మార్చకుండానే 4550 వచ్చింది. ఖర్చు మా రెక్కల కష్టం, రెండు ఇనుప గీకుడు రేకులు. ఉప్పుటేరులో పడవ కట్టేసేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇసుక మీదికి రోజూ లాక్కునేవాళ్లకు ఈ బాధ లేదు, వాళ్లకు వేరే కష్టాలుంటాయి.

ఆ తర్వాత 7 అంగుళాల పిచ్ ఉన్న అల్యూమినియం ఫ్యాను తెప్పించాం. రెక్కలు పాతదాని కన్నా వెడల్పు. ఎనిమిది వేల లోపే అయింది. పిచ్ ఒక అంగుళం తగ్గితే దాదాపు 200 ఆర్‌పీఎం పెరుగుతుందని మెకానిక్ చెప్పాడు. రెండంగుళాలకు మాకు ఇంకాస్త ఎక్కువే వచ్చింది. నిండు బరువుతో 5100, ఖాళీగా 5450. వేగం 6.2 నుంచి 7.1కి పెరిగింది. ఫ్యాను పిచ్ తగ్గిస్తే వేగం తగ్గుతుందని మా బావ వాదించాడు. తేలిక పడవకు, అప్పటికే సరిగ్గా తిరుగుతున్న మోటారుకు ఆ మాట నిజమే. మా బరువుకు, ఆయాసపడుతున్న మా మోటారుకు మాత్రం లెక్క తిరగబడింది.

అయినా ఆ 0.9 మైలు నాకు పెద్ద విషయం కాదు. మొగ దగ్గర కెరటం వెనక నుంచి తరుముకొస్తున్నప్పుడు థ్రాటిల్ తిప్పగానే పడవ కదులుతోంది. వల లాగేటప్పుడు నెమ్మదిగా, ఒకే చోట నిలబెట్టి ఉంచడం తేలికైంది. రివర్సులో కూడా పట్టు వచ్చింది. పెద్దనాన్న మొదటి రోజు ఏమీ అనలేదు. మూడో రోజు తీరానికి వచ్చాక, "ఇప్పుడు మాట వింటోంది" అన్నాడు. 40 ఏళ్లుగా చేతిలో తెడ్డో, చుక్కానో, మోటారు పిడో పట్టుకున్న మనిషి అన్న మాట అది. నాకు ఆ మాటే ముఖ్యం.

ఫ్యానుతో పాటు మోటారు ఎత్తు కూడా సరిచేశాం. ఫ్యాను పైన అడ్డంగా ఉండే పలకను కావిటేషన్ ప్లేటు అంటారు. అది పడవ అడుగుకు సమానంగానో, ఒక అంగుళం కిందనో ఉండాలంటారు. మాది మూడంగుళాలు కిందికి ఉంది, అంటే మోటారు కాలు అనవసరంగా నీళ్లను కోస్తోంది. వెనక చెక్క మీద టేకు ముక్క వేసి పైకి లేపాం. మొదట మరీ లేపేశాం. ఏటిలో అద్భుతంగా పోయింది. దీవి దాటి అల మీద పడగానే ఫ్యాను గాలి పీల్చి, మోటారు ఒక్కసారిగా అరిచింది. మళ్లీ దించి అంగుళంన్నర దగ్గర ఆపాం. ఏటిలో చూసి తృప్తిపడకుండా మీరు వేటకు వెళ్లే నీళ్లలోనే చూడండి.

బరువు సర్దడం గురించి మా ఇంట్లో రెండు వారాలు గొడవ జరిగింది. ఐసు పెట్టె, పెట్రోలు డబ్బాలు, ఇద్దరు మనుషులు అంతా వెనకే ఉండేవాళ్లు. ముక్కు పైకి లేచి, వెనక భాగం నీళ్లలో కూర్చునేది. ఐసు పెట్టెను మధ్యకు జరిపితే చేపలు సర్దడం కష్టమని బావ అన్నాడు, నిజంగానే కష్టం. అయినా జరిపాం. మరీ ముందుకు తోస్తే మాత్రం ప్రమాదం. ముక్కు అలలోకి దిగుతుంది, వెనక నుంచి కెరటం వచ్చినప్పుడు పడవ అడ్డం తిరుగుతుంది. మోటారు వంపు మార్చే పిన్నును కూడా ఒక రంధ్రం జరిపాం. ఈ రెండూ కలిపి వేగంలో పెద్దగా చూపించలేదు, కానీ ఒళ్లు తడవడం తగ్గింది.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. ఫైబర్ పడవ మునగకుండా లోపల ఫోము నింపిన గదులుంటాయి. ఎక్కడో పగులు పడితే ఆ ఫోము నీళ్లు పీల్చేస్తుంది. మా పడవ ఒక పక్కకు కొంచెం ఒరిగినట్టుండేది, అలవాటైపోయి పట్టించుకోలేదు. నిషేధం రోజుల్లో ఆ గదికి కింద చిన్న రంధ్రం వేస్తే నాలుగు రోజులు నీళ్లు కారాయి. అన్ని లీటర్ల ఉప్పునీటిని ప్రతిరోజూ సముద్రంలోకి మోసుకెళ్లి మోసుకొచ్చామన్నమాట. ఆరబెట్టి, పగులుకు ఫైబర్ వేయించి మూసేశాం.

పెట్రోలు లెక్కకు వస్తాను, ఎక్కువమంది అడిగేది అదే. ఫ్యాను మార్చినందువల్ల దానంతట అదే పెట్రోలు బాగా మిగిలిపోతుందని అనుకోవద్దు. మాకు ఫుల్ థ్రాటిల్‌లో ఇప్పటికీ గంటకు 3.8 లీటర్ల దాకా తాగుతుంది. ఆదా అయ్యింది థ్రాటిల్ తగ్గించడం వల్ల. మా పడవ నీటి గీత దగ్గర 21 అడుగులుంటుంది. అలాంటి బరువు పడవ గంటకు 6 నాటికల్ మైళ్లు దాటితే తను లేపిన అలనే తను ఎక్కాల్సి వస్తుంది. అక్కడి నుంచి ప్రతి చిన్న వేగానికీ చాలా పెట్రోలు పోయాలి. 4000 ఆర్‌పీఎంలో మాకు 5.9 మైళ్లు వస్తుంది, గంటకు 2.1 లీటర్లు పడుతుంది. 12 మైళ్ల దూరానికి ఫుల్‌లో వెళ్తే 6.4 లీటర్లు, నెమ్మదిగా వెళ్తే 4.3. ఒక వైపుకే రెండు లీటర్ల పైన మిగులుతుంది, ఆలస్యం 20 నిమిషాలు. పాత ఫ్యానుతో 5.9 రావాలంటే థ్రాటిల్ దాదాపు చివరిదాకా తిప్పాల్సి వచ్చేది, కొత్త ఫ్యాను చేసిన మేలు అక్కడుంది. వెళ్లేటప్పుడు నెమ్మదిగా వెళ్తాం. వచ్చేటప్పుడు చేప ధర పడిపోతుందనే భయం ఉంటే ఫుల్‌లో వస్తాం, అందులో తప్పేమీ లేదు.

దండగైనవి కూడా చెప్పాలి. కావిటేషన్ ప్లేటుకు బిగించే ప్లాస్టిక్ రెక్కలు కొన్నాం. రెండో వారమే వల వాటికి చుట్టుకుంది, పీకేశాం. ఖరీదైన ప్లగ్గు వేస్తే మీటరులో ఒక్క అంకె మారలేదు. పెట్రోలులో కలిపే సీసా మందులూ అంతే. పెట్రోలులో నీళ్లు చేరకుండా చూసుకోవడం మాత్రం అవసరం. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీలుస్తుంది, డబ్బాలో నెలల తరబడి ఉంచితే నీరు అడుక్కి చేరుతుంది. నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టాక నడిసముద్రంలో మోటారు ఆగడం మాకు జరగలేదు.

స్టీలు ఫ్యాను వాడదామా అని చాలామంది అనుకుంటారు. మా అఖాతంలో ఇసుక మేటలు, బురద, తేలే దుంగలు ఎక్కువ. అల్యూమినియం రెక్క తగిలితే వంగుతుంది, వంగినదాన్ని సరిచేయించుకోవచ్చు. స్టీలు అంత తేలిగ్గా వంగదు, ఆ దెబ్బ లోపలి గేర్ల మీద పడొచ్చు. అందుకే మేం దాని జోలికి పోలేదు.

నష్టాలూ ఉన్నాయి. ఖాళీ పడవతో గాలి వాటుకు వస్తుంటే మోటారు తేలిగ్గా ఎక్కువ తిరిగేస్తుంది, కుర్రాళ్ల చేతికిచ్చినప్పుడు మీటరు చూడమని ప్రతిసారీ చెప్పాలి. ఒకే మనిషి తేలిక పడవలో గాలం వేటకు వెళ్తుంటే ఈ ఫ్యాను వద్దు, 8 అంగుళాలది చూసుకోండి. మోటారు ఊపు పెరిగింది కాబట్టి ఆపే తాడు (మనిషి పడిపోతే మోటారును ఆపేసేది) మణికట్టుకు కట్టుకోకుండా థ్రాటిల్ పట్టుకోనివ్వం. ఈ విషయంలో పెద్దనాన్నకు కూడా మినహాయింపు లేదు.

ఫ్యాను ఎంత మంచిదైనా దాని వెనక చూడకపోతే లాభం లేదు. రెండో ఏడు తెగిన వల నైలాను దారం ఇరుసుకు చుట్టుకుని సీలును కోసేసింది. గేరు ఆయిలు పాల రంగులో బయటికి వచ్చింది, అంటే నీళ్లు చేరాయి. మూడు వందల సీలు చూసుకోకపోవడం వల్ల బేరింగులు మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు పది వేటలకోసారి నట్టు విప్పి, ఫ్యాను తీసి, దారం ఉంటే కోసేసి, ఇరుసుకు గ్రీజు రాస్తాం. మోటారును చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు చక్రాన్ని (ఇంపెల్లరు) ప్రతి ఏడూ ఏప్రిల్ 15 దాటి వేట నిషేధం మొదలవగానే మార్చేస్తాం. గోదావరి పాయలు తెచ్చే బురద దాన్ని త్వరగా తినేస్తుంది. మోటారు పక్క నుంచి వచ్చే నీటి ధార సన్నబడితే ఆ రోజు వేట మానేసి వెనక్కి రావడమే.

నాలుగేళ్లకు ఈ 7 అంగుళాల ఫ్యాను రెక్కల అంచులు చెక్కేసినట్టు అయ్యాయి. ఈ మధ్య ఇంకోటి గమనించాను. థ్రాటిల్ ఒక్కసారిగా తిప్పితే మోటారు పరుగెడుతోంది, పడవ ఒక క్షణం ఆలస్యంగా అందుకుంటోంది. ఫ్యాను మధ్యలోని రబ్బరు బుష్ జారడం మొదలైంది. అదే సైజుది ఇంకోటి కొని, నట్టు, పిన్ను, స్పానరుతో సహా గుడ్డలో చుట్టి ఐసు పెట్టె పక్కన పెట్టాం. రేపు ఆదివారం, నీరు పాటు మీద ఉన్నప్పుడు పడవను బురద మీదికి ఎక్కించి మారుస్తాం.