ద్వారకానగర్‌లో ఫ్రేమ్ కట్టించిన ముడుల బొమ్మ

లిండిస్‌ఫార్న్ సువార్తల్లోని (ఇంగ్లండ్‌లో క్రైస్తవ సన్యాసులు చేత్తో రాసి బొమ్మలు వేసిన బైబిల్ సువార్తల ప్రతి) ఒక కార్పెట్ పేజీని, అంటే అక్షరం ముక్క లేకుండా పేజీ నిండా అల్లికే ఉండేదాన్ని, ద్వారకానగర్‌లో ఒక చిన్న షాపులో ప్రింట్ తీయించి ఫ్రేమ్ కట్టించాను. మొత్తం 1,850 రూపాయలు. ప్రింట్ మాత్రం సూపర్, 1,300 ఏళ్ల కిందటి ఆ తీగ ఎక్కడ పైకొచ్చి ఎక్కడ కిందకి దూరిందో వేలు పెట్టి వెతుక్కోవచ్చు. షాపాయన చూసి "మెలికల ముగ్గే కదండీ, గుమ్మం ఎదురుగా పెట్టండి, దిష్టి తగలదు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, ఆన్‌లైన్‌లో ఇలాంటివి అమ్మేవాళ్లూ అదే చెబుతారు. నిజానికి ఈ ముడులు రక్ష కోసమని గీసిన సన్యాసులు ఎక్కడా రాసిపెట్టలేదు, సువార్త మొదలయ్యే ముందు కాపలాలా ఉంటాయన్నది తర్వాతివాళ్ల ఊహే. పుస్తకానికే మహిమ ఉందని నమ్మడం మాత్రం నిజం. ఐర్లాండ్‌లో కాథాక్ అనే కీర్తనల ప్రతిని యుద్ధానికి మోసుకెళ్లేవారు, 17వ శతాబ్దంలో డర్రో గ్రంథం అనే పాత సువార్తల ప్రతిని ముంచిన నీళ్లు జబ్బు పశువులకు పట్టేవారట. మన తాయెత్తు నీళ్లలాగే!

ఇక కంప్లైంట్. ఫ్రేమ్‌లో పట్టడానికి అంచు అర అంగుళం కత్తిరించేశారు, అడగను కూడా అడగలేదు, దాంతో బోర్డర్ అల్లిక మధ్యలో తెగింది. పైగా వెనక అట్ట పల్చన, బీచ్ రోడ్ గాలికి నెలలోనే ఉబ్బింది. గొడవపడితే అట్ట ఉచితంగా మార్చారు. 5కి 3 స్టార్లు. వెళ్తే కొలతలు కాగితం మీద రాయించుకోండి.