‘ఫ్లైట్ కేస్’ అన్న మాట నమ్మి గిటార్ పెట్టె కొనకండి: మా అమ్మాయి మొదటి టూర్ ఇలా ముగిసింది

గిటార్‌కు గట్టి పెట్టె కొనాలని చూస్తున్నవాళ్ళు, ముఖ్యంగా పిల్లల్ని మొదటిసారి టూర్‌కు పంపబోతున్న అమ్మానాన్నలు, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. పెట్టె కొన్నది నేను. నష్టపోయింది మా అమ్మాయి.

తనకు 19 ఏళ్ళు. ఈ వేసవిలో ఒక పెద్ద బృందం కచేరీలకు ముందు అరగంట పాడే అవకాశం వచ్చింది. ఏడు వారాలు, 23 ప్రదర్శనలు. ఊరి నుంచి ఊరికి వ్యాన్‌లో వెళ్ళడం, అన్నీ అయ్యాక విమానంలో ఇంటికి రావడం. తన దగ్గర ఉన్నది ఒక్కటే గిటార్. మూడేళ్ళు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుతో కొనుక్కుంది. అప్పటిదాకా దాన్ని దూది కుట్టిన మెత్తని సంచీలోనే మోసేది. రోజూ ఎక్కించడం, దించడం ఉంటుంది కదా, సంచీ చాలదని నేనే పట్టుబట్టి ఆన్‌లైన్‌లో గట్టి పెట్టె తెప్పించాను. అమ్మేవాళ్ళు ‘ఫ్లైట్ కేస్’ అని రాశారు. ‘విమాన ప్రయాణానికి తగినది’ అని రాశారు. ‘అన్ని సైజుల అకూస్టిక్ గిటార్లకూ సరిపోతుంది’ అనీ రాశారు. ఈ మూడింటిలో ఒక్కటీ నిజం కాదని చివరి రోజు తెలిసింది.

నన్ను ఎక్కువ బాధపెడుతున్న సంగతి ముందు చెప్తాను. ఆ పెట్టె కొనకపోయి ఉంటే గిటార్ విరిగేది కాదు. మెత్తని సంచీ అయితే మా అమ్మాయి దాన్ని కార్గోలో వేయనిచ్చేదే కాదు. ముందే విమాన సంస్థతో మాట్లాడుకుని, త్వరగా ఎక్కి, తలపైన ఉండే అరలో పెట్టుకునేది. అంతకుముందు రెండుసార్లు అలాగే చేసింది కూడా. ఈసారి ‘ఫ్లైట్ కేస్ ఉందిగా’ అన్న ధైర్యంతో కౌంటర్‌లో ఇచ్చేసింది. పనికిరాని రక్షణ ఇచ్చే ధైర్యం ఎంత ప్రమాదమో నాకు అప్పుడే అర్థమైంది.

విమానం ఎక్కే ముందు రోజు రాత్రి చివరి ప్రదర్శన జరిగింది. ఆఖరి పాట అయ్యాక పెద్ద బృందం వాళ్ళు తనను మళ్ళీ స్టేజీ మీదికి పిలిచి, తమతో కలిసి ఒక పాట వాయించమన్నారట. ఏడు వారాలుగా వాళ్ళ కోసం వచ్చిన జనం ముందు పాడిన పిల్లకు అది ఎంత గొప్ప సంగతో చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి ఫోన్ చేసి గంటసేపు చెప్పింది. మర్నాడు సాయంత్రం విమానాశ్రయంలో నేను ఎదురెళ్ళాను. లగేజీ బెల్టు దగ్గర నుంచి పెట్టె తీసుకుని బయటికి వస్తూనే, ముఖం పాలిపోయి, “నాన్నా, లోపల ఏదో కదులుతోంది” అంది.

అక్కడే నేల మీద పెట్టి తెరిచాం. పెట్టె బయట గీతలు తప్ప ఏమీ లేవు. లోపల గిటార్ తల (మెడ చివర, తీగలు చుట్టే కీలు ఉండే భాగం) విరిగి, పైనున్న సన్నని చెక్క పొర ఆధారంగా వేలాడుతోంది. తీగలు వదులై చుట్టుకుపోయి ఉన్నాయి. తను ఏడవలేదు. కాసేపు దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఎందుకు విరిగిందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. గిటార్లు బాగుచేసే ఆయన తన బల్ల మీద పెట్టి వివరంగా చూపించాడు. చాలా గిటార్లలో తల మెడకు తిన్నగా ఉండదు, కొంచెం వెనక్కు వాలి ఉంటుంది. మెడ, తల కలిపి ఒకే చెక్కలోంచి చెక్కితే ఆ వంపు దగ్గర చెక్క నార పొడుగ్గా సాగదు, పొట్టిపొట్టిగా తెగిపోతుంది. కొన్ని గిటార్లలో ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండే ఇనుప కడ్డీ) బిగించుకునే గాడి కూడా సరిగ్గా అక్కడే ఉండి చెక్కను ఇంకా పల్చన చేస్తుంది. ఆపైన ఆరు కీల బరువు. ఇక తీగలు: ఉక్కు తీగలు వేసి మామూలు శ్రుతిలో ఉంచిన అకూస్టిక్ గిటార్‌లో ఆరు తీగల లాగుడు మొత్తం కలిపి దాదాపు 70 కిలోలు ఉంటుంది. ఆ లాగుడంతా తలను ముందుకు వంచాలనే చూస్తుంది. పెట్టె వెల్లకిలా పడినప్పుడు తల వెనుక భాగం పెట్టె అడుగుకు తగిలిందనుకోండి, ఆ దెబ్బ కూడా తలను ముందుకే తోస్తుంది. రెండు బలాలూ ఒకే వైపు పనిచేస్తే ఆ పొట్టి నార ఆగలేదు.

అందుకే మంచి పెట్టెలో తల దేనికీ తగలదు. బరువంతా మెడ కింద ఉండే దిమ్మ మీద, ఒంటి చుట్టూ ఉండే మెత్త మీద ఆనాలి. తల గాలిలో ఉండాలి. మా పెట్టెలో అడుగున ఉన్న వెల్వెట్ గుడ్డ మీద ఆరు కీల గుర్తులు అచ్చు వేసినట్టు పడి ఉన్నాయి. ఏడు వారాలూ ఆ తల అడుగుకు ఆనుకునే ప్రయాణం చేసిందన్నమాట. మేం ఒక్కసారీ ఆ గుడ్డ వైపు చూడలేదు.

రెండో తప్పు సైజుది. మా అమ్మాయిది ఓఎం అనే కాస్త చిన్న ఆకారం గిటార్. పెట్టె చేసింది డ్రెడ్‌నాట్ అనే పెద్ద ఆకారం గిటార్ కోసం. మామూలు కొలతల ప్రకారం డ్రెడ్‌నాట్ ఒళ్ళు వెడల్పైన చోట దాదాపు 39.7 సెంటీమీటర్లు, లోతు 12.4 సెంటీమీటర్లు. ఓఎం వెడల్పు 38.1, లోతు 10.5 దగ్గర ఉంటుంది. అంటే మూత వేశాక పైన దాదాపు రెండు సెంటీమీటర్ల ఖాళీ. పెట్టె పడ్డ ప్రతిసారీ గిటార్ ఆ రెండు సెంటీమీటర్లూ లేచి పడుతుంది. ‘అన్ని సైజులకూ సరిపోతుంది’ అంటే అన్ని సైజులూ లోపల పడతాయని మాత్రమే. పట్టడం వేరు, కదలకుండా పట్టి ఉంచడం వేరు. ఇది పెద్ద అక్షరాల్లో రాయాలనిపిస్తోంది.

మూడోది మెత్త. బొటనవేలితో నొక్కితే వేలు నేరుగా గట్టి గోడకు తగిలింది. స్పాంజి లాంటి చవక ఫోమ్ అది. చేతికి హాయిగా ఉంటుంది, దెబ్బను మాత్రం ఆపదు. మంచి ఫోమ్ నొక్కితే కొంచెం దిగి ఎదురు తిరుగుతుంది. తాళాల సంగతి కూడా అంతే. లోపల ఇనుప పలక ఏమీ లేకుండా పల్చని ప్లాస్టిక్‌కే రివెట్లు కొట్టి బిగించారు. టూర్ మూడో వారంలోనే వానలో వ్యాన్ నుంచి దించుతుంటే పిడి ఒకవైపు ఊడొచ్చింది. తను ఫోటో పంపితే, “టేపు చుట్టుకో అమ్మా, వచ్చాక చూద్దాం” అన్నాను. ఆ రోజే ఆ పెట్టె పక్కన పడేయమని చెప్పాల్సింది. పిడి ఊడిన పెట్టెను లోపల కూడా నమ్మకూడదు.

‘ఫ్లైట్ కేస్’ అన్న మాట ఎవరైనా దేని మీదైనా రాసుకోవచ్చు. అసలు విమాన రవాణా రంగంలో ఏటీఏ 300 అని ఒక ప్యాకింగ్ ప్రమాణం ఉంది. దాని మొదటి వర్గం పెట్టెలు కనీసం 100 రవాణా ప్రయాణాలు తట్టుకోవాలి. మూడో వర్గం అయితే ఒక్క ప్రయాణానికే. మీరు చూస్తున్న పెట్టె ప్రకటనలో ఆ ప్రమాణం పేరు ఉన్నా, ఏ వర్గమో రాయకపోతే అడగండి. జవాబు రాతలో తీసుకోండి. నేను విరిగిన తర్వాత అడిగాను. “మా ఉద్దేశం ఫ్లైట్ కేస్ తరహా డిజైన్ అని” అన్నారు.

రివ్యూల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను వాటిని చూసే మోసపోయాను. వందల కొద్దీ మంచి రివ్యూలు ఉన్నాయి. తర్వాత ఓపిగ్గా కూర్చుని చదివితే దాదాపు అన్నీ పెట్టె అందిన రెండు మూడు రోజుల్లో రాసినవే. రంగు బాగుంది, బరువు తక్కువ, త్వరగా వచ్చింది. విమానం ఎక్కించి దించాక రాసినవాళ్ళు నలుగురే కనిపించారు. ఆ నలుగురిలో ముగ్గురు ఒక్క నక్షత్రం ఇచ్చారు. కొనేముందు ‘విమానం’, ‘విరిగింది’, ‘పిడి’ లాంటి మాటలతో రివ్యూల్లో వెతికి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది.

అమ్మినవాళ్ళకు ఫోటోలు, వీడియో పంపాను. మొదటి జవాబు: పెట్టె పగల్లేదు కాబట్టి అందులో లోపం లేదు. రెండోది: వారంటీ పెట్టెకే, లోపలి వస్తువుకు కాదు. రవాణాలో జరిగిన నష్టానికి అసలే వర్తించదు. విమానం కోసమని అమ్మిన వస్తువుకు రవాణా నష్టం వర్తించదట! నేను రివ్యూ రాశాక మూడో జవాబు వచ్చింది: రివ్యూ తీసేస్తే పెట్టె ధరలో సగం ఇస్తాం. ఒప్పుకోలేదు. మీకూ ఇలాంటి మాట వస్తే ఒప్పుకోవద్దని నా విన్నపం. మనం తీసేసిన ఒక్కో రివ్యూ ఇంకొకరి గిటార్ మీద పడుతుంది.

విమాన సంస్థ విషయంలో కొంత తెలిసి, కొంత అదృష్టం కలిసొచ్చి సరిగ్గానే చేశాం. విమానాశ్రయం దాటకముందే లగేజీ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి, నంబరు తీసుకుని, పెట్టెతో సహా ఫోటోలు తీశాం. దేశాల మధ్య విమానాలకు వర్తించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, దెబ్బతిన్న లగేజీ గురించి అది చేతికందిన 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఏడుస్తూ ఇంటికెళ్ళి పది రోజుల తర్వాత రాస్తే హక్కు పోతుంది. పరిహారానికి పరిమితి కూడా ఉంది: 2024 డిసెంబర్ 28 నుంచి ఒక ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ వాడే లెక్క యూనిట్). అంతకన్నా విలువైన వాద్యం అయితే చెక్-ఇన్ సమయంలోనే విలువ ప్రకటించి, వాళ్ళు అడిగితే అదనపు రుసుము కట్టాలి. మాకు అది తెలియదు. ఇంకొక చిక్కు ఉంది. లగేజీలోనే ఉన్న లోపం వల్ల నష్టం జరిగితే, ఆ మేరకు సంస్థకు బాధ్యత ఉండదు. మా ఫిర్యాదుకు వాళ్ళు సరిగ్గా ఇదే పట్టుకున్నారు: బయట పెట్టె బాగానే ఉంది, లోపల ప్యాకింగ్ చాలలేదు అని. అంటే చెత్త పెట్టె గిటార్‌ను విరగ్గొట్టడమే కాదు, పరిహారం దారిని కూడా ఇరుకు చేసింది. ఆ ఫిర్యాదు ఇంకా తేలలేదు.

ఇప్పుడు కొనబోయేవాళ్ళు చేయాల్సింది ఒక్కటే గట్టిగా చెప్తాను. వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే మీ గిటార్‌ను అందులో పెట్టి చూడండి. మూత వేసి, పెట్టెను రెండు చేతులతో ఎత్తి మెల్లగా అటూ ఇటూ ఊపండి. ఏ మాత్రం కదిలినట్టు తెలిసినా వెనక్కి పంపేయండి. తల కింద ఒక పల్చని కాగితం పెట్టి లాగండి. అడ్డం లేకుండా వచ్చేస్తే తల గాలిలో ఉన్నట్టు. మేం ఆ గడువును ‘పెట్టె బాగుంది’ అనుకుంటూ గడిపేశాం.

ఇప్పటికే పెట్టె ఉండి, ఈ వారమే ప్రయాణం ఉన్నవాళ్ళు మెడ కింద, ఒంటి చుట్టూ మడిచిన బట్టలు గట్టిగా కుక్కండి. తల పక్కలకు ఊగకుండా రెండు వైపులా మెత్తగా సర్దండి, కానీ వెనక నుంచి ఒత్తిడి పడనివ్వకండి. తీగలు రెండు మూడు స్వరస్థానాలు దించండి. పూర్తిగా వదిలేయక్కర్లేదు. ఇంకో మాట, వేసవిలో మూసిన బండిలో పెట్టెను వదలకండి. నల్ల పెట్టె లోపల వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి (ఒంటి మీద తీగలు బిగించే చెక్క) లేస్తుంది.

ఒకవేళ తల విరిగితే, అతుకుతుందేమోనని రెండు ముక్కల్నీ కలిపి చూడకండి. ప్రతిసారీ నార నలిగి అతుకు పాడవుతుంది. సూపర్ గ్లూ అసలే వద్దు. తీగలు వదులు చేసి, రాలిన పేళ్ళన్నీ కాగితంలో పొట్లం కట్టి, పని తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. మాది పొడవుగా చీలినట్టు విరిగింది కాబట్టి జిగురు బాగా పట్టిందని బాగుచేసిన ఆయన చెప్పాడు. గీత కనిపిస్తుంది, అమ్మితే ధర రాదు. అమ్మే ఉద్దేశం తనకు లేదు.

గిటార్ నిన్న ఇంటికొచ్చింది. తీగలు వేసి, మెల్లగా శ్రుతి పెంచుతూ, చెవి తల దగ్గర పెట్టి విన్నది. ఏ చప్పుడూ రాలేదు. ఆ తర్వాతే వాయించింది. పాత పెట్టెను సగం ధరకైనా అమ్మేయమని ఇద్దరు అన్నారు. అమ్మలేదు. తాళాలు, పిడి విప్పేసి, ఇంకెవరూ గిటార్ పెట్టడానికి వీల్లేకుండా అడుగు కోసేశాను.