బండి గుంటూరులో, నేను డల్లాస్‌లో: నాలుగేళ్లుగా వాడుతున్న జీపీఎస్ ట్రాకర్ కథ

బుల్లెట్ కొన్నది 2018 అక్టోబరులో. 2021లో నేను డల్లాస్ వచ్చేశాను, బండి మాత్రం బ్రాడీపేటలో మా ఇంటి గేటు లోపల ఉండిపోయింది. అమ్మేయమని నాన్న ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు, నాకే మనసొప్పలేదు. పక్క లైన్లో వారం తేడాలో రెండు బండ్లు పోయాయని అమ్మ ఫోన్లో చెప్పినప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది, 2022 జనవరిలో సెలవుకి వెళ్లినప్పుడు ఒక ట్రాకర్ బిగించి వచ్చాను. కంపెనీ పేరు చెప్పను, ఈ రేటులో దొరికే డబ్బాలన్నీ దాదాపు ఒకేలా పని చేస్తాయి. డబ్బా, సిమ్, మొదటి ఏడాది యాప్ అన్నీ కలిపి 2,800 రూపాయలు తీసుకున్నారు, ఆ తర్వాత ఏటా రెన్యువల్ 1,200. మార్కులేమైనా వెయ్యాలంటే 5కి మూడున్నర. ఆ తగ్గించిన ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్తాను.

బిగించేటప్పుడు ఎలక్ట్రీషియన్ సీటు కిందే పెట్టబోయాడు, వైర్లు దగ్గర కదా. అలా వద్దన్నాను, దొంగ మొదట చేయి పెట్టేది అక్కడే. ట్యాంకు కింద, ఫ్రేము పక్కన ఇరికించి, పైన ఇనుప రేకు పూర్తిగా కప్పేయకుండా చూడమన్నాను, ఎందుకంటే డబ్బాకి ఆకాశం కొంచెమైనా కనిపించకపోతే శాటిలైట్ సిగ్నల్ అందదు. దీనికి గంటన్నర పట్టింది, 200 ఎక్కువిచ్చాను, మొత్తం వ్యవహారంలో వృథా కాని ఖర్చు ఇదొక్కటే అనిపిస్తుంది ఇప్పటికీ. అపార్టుమెంటు సెల్లార్లో పార్కింగ్ ఉన్నవాళ్లు మాత్రం ముందే తెలుసుకోండి, సెల్లార్లో, యాప్ మ్యాపులో బండిని చూపించే చుక్క ఒకచోట నిలవదు, ఒకసారి మా పిన్ని వాళ్ల అపార్టుమెంటులో పెడితే బండి రాత్రంతా నాలుగు వీధులు తిరిగినట్టు చూపించింది.

వైబ్రేషన్ అలర్ట్ అయితే పెద్ద తలనొప్పి. పిల్లి సీటెక్కినా, గట్టిగా వాన పడినా, ఎవరైనా గేటు గట్టిగా వేసినా ఇక్కడ నా ఫోన్ మోగేది. దీపావళి రాత్రి 140 అలర్టులు వచ్చాయి, నేను మీటింగులో ఉన్నాను. ఆ రోజే దాన్ని ఆపేసి, యాప్ మ్యాపులో ఇంటి చుట్టూ 200 మీటర్ల గీత గీసి, బండి గీత దాటితేనే చెప్పేలా మార్చుకున్నాను. మా బాబాయి కొడుకు అప్పుడప్పుడు బండి తీస్తుంటాడు, వాడు ఒక ఆదివారం "మందుల షాపు దాకా వెళ్లొచ్చాను అన్నయ్యా" అన్నాడు, యాప్ చూస్తే మందుల షాపు సూర్యలంక బీచ్‌లో ఉంది, బాపట్ల దారిలో వేగం 92. అడగనా వద్దా అని ఆలోచించి అడగలేదు. మంచిపనే చేశాను, ఆ తర్వాత నాకు అక్కరకొచ్చింది వాడే.

అందరూ మర్చిపోయేది బ్యాటరీ. నాలాంటివాళ్ల బండ్లు నెలల తరబడి కదలకుండా ఉంటాయి, ట్రాకర్ మాత్రం రాత్రీపగలూ కరెంటు తాగుతూనే ఉంటుంది. మా ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తే 20 మిల్లీ ఆంపియర్లు వచ్చింది. వినడానికి తక్కువే, కానీ బండి బ్యాటరీ 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, 8 ఆంపియర్లు ఒక గంట ఇచ్చేంత), ఈ లెక్కన 400 గంటలు, పట్టుమని 17 రోజులు రాదు. మొదటి ఏడాదిలోనే బ్యాటరీ రెండుసార్లు పడుకుంది, రెండోసారి మార్చాల్సి వచ్చింది. ఆదివారం ఆదివారం స్టార్ట్ చేసి పది నిమిషాలు నిలబెడితే చాలదు, కనీసం అరగంట రోడ్డు మీద తిప్పాలి. ఈ ముక్క అమ్మేవాడు చెప్పడు.

ఇక అసలు రోజు. 2023 జూన్, ఇక్కడ మధ్యాహ్నం 3:50, అంటే గుంటూరులో తెల్లవారుజామున 2:20. అమెరికాలో ఉండటం ఒకందుకు మంచిదే, అక్కడ దొంగలు బయల్దేరే వేళకి మనం ఆఫీసులో మెలకువగా ఉంటాం. బండి గీత దాటిందని అలర్ట్. చుక్క లాడ్జి సెంటర్ వైపు కదులుతోంది, ఇగ్నిషన్ ఆఫ్ అని ఉంది, వేగం 19. ముందు అర్థం కాలేదు, ఇంజన్ ఆఫ్‌లో ఉంటే బండి ఎలా పోతుంది? తర్వాత వెలిగింది: ఒకడు హ్యాండిల్ లాక్ విరగ్గొట్టి బండి మీద కూర్చున్నాడు, ఇంకొకడు వెనక తన బండి మీద వస్తూ కాలితో తోస్తున్నాడు. నేను 500 అదనంగా ఇచ్చి పెట్టించుకున్న ఇంజన్ కట్ రిలే (యాప్ నుంచే ఇంజన్ ఆపే స్విచ్చు) దేనికీ పనికిరాలేదు, ఆన్‌లో లేని ఇంజన్ని ఏం కట్ చేస్తాం! ఒకవేళ ఇంజన్ ఆన్‌లోనే ఉన్నా, పరిగెత్తే బండికి ఇక్కడి నుంచి ఇంజన్ ఆపితే వాడు లారీ కింద పడొచ్చు, అది నేను చెయ్యను.

నాన్న ఫోన్ సైలెంట్‌లో ఉంది. అమ్మ ఫోన్ హాల్లో చార్జింగ్‌లో. ఇక్కడి నుంచి 112 కొడితే ఇక్కడి పోలీసులకే పోతుంది తప్ప గుంటూరు పోలీసులకి కాదు, స్టేషన్ ల్యాండ్‌లైన్ నంబరు నా దగ్గర లేదు. ఇప్పుడైతే 0863తో ఉన్న ఆ నంబరుకి ముందు +91 పెట్టి, సున్నా తీసేసి సేవ్ చేసుకున్నాను. మూడో ప్రయత్నంలో తమ్ముడు, అదే ఆ బాబాయి కొడుకు, ఎత్తాడు. "అన్నయ్యా, బండి ఇంట్లోనే ఉంటుందిలే, నీ డబ్బాకి పిచ్చెక్కింది" అన్నాడు నిద్రమత్తులో. వెళ్లి చూడరా అన్నాను. ఆరు నిమిషాల్లో తిరిగి ఫోన్ చేశాడు, ఈసారి గొంతు మారిపోయింది.

వాడే 112కి చేశాడు, పోలీసులు త్వరగానే వచ్చారు. అప్పుడు బయటపడింది యాప్‌లో పెద్ద లోపం: వాడి ఫోన్లో లాగిన్ అయితే నాకు లాగౌట్ అయిపోతోంది, నేను లాగిన్ అయితే వాడికి. ఆ గందరగోళంలో ఏడెనిమిది నిమిషాలు పోయాయి, చివరికి నేనే చూస్తూ వాట్సాప్‌లో నిమిషానికొక లొకేషన్ పంపాను. లైవ్ లింక్ షేర్ చేసే ఆప్షన్ ఆ యాప్‌లోనే ఉందట, తర్వాత రెండు నెలలకి కనిపించింది, ఎక్కడో సెట్టింగుల లోపల లోపల దాచారు. గోరంట్ల దాటాక లాం వైపు చుక్క ఆగింది. 3:05కి పవర్ కట్ అని మెసేజ్, బ్యాటరీ పీకేశారన్నమాట. డబ్బాలో ఉండే చిన్న బ్యాటరీ మీద ఇంకో గంటన్నర పని చేసింది. చుక్కకీ బండికీ 40 మీటర్లు తేడా, చీకట్లో 40 మీటర్లంటే ఎన్ని గోడలో! తెల్లారాక 7 గంటలకి, సగం కట్టి వదిలేసిన ఇంటి వెనక నీలం పట్టా కింద దొరికింది, అప్పటికే నంబరు ప్లేట్లు లేవు. అక్కడ మనుషులెవరూ లేరు.

దొరకడానికి పట్టింది అయిదు గంటలు కూడా కాదు. ఇంటికి రావడానికి 63 రోజులు. ఎఫ్‌ఐఆర్ అయింది కాబట్టి బండి కేసు ప్రాపర్టీ, కోర్టు ఉత్తర్వు ఉంటే తప్ప స్టేషన్ వాళ్లు ఇవ్వరు, అది వాళ్ల తప్పు కాదు. ఫిర్యాదు ఎవరైనా ఇవ్వొచ్చు, తమ్ముడే ఇచ్చాడు. కానీ బండి వెనక్కి ఇమ్మని అడగాల్సింది ఆర్సీలో పేరున్నవాడు, అంటే నేను. ఇక్కడ నోటరీ చేయించి, టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్ (కాగితం వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ) వేయించి, తమ్ముడి పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ పంపాను, అది ఇండియా చేరాక మూడు నెలల్లోపు స్టాంపు కట్టించాలి. లాయరు అప్పట్లో సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 451 కింద పిటిషన్ వేశారు, ఇప్పుడైతే అది దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 497. బండ్లని స్టేషన్లలో ఏళ్లకేళ్లు ఎండబెట్టొద్దని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పిందని లాయరు ధైర్యం చెప్తూ వచ్చారు, ఈలోపు వానలొచ్చి బండి స్టేషన్ ఆవరణలో తడుస్తూనే ఉంది. లాయరు ఫీజు, కొరియర్లు, పూచీకత్తు కాగితాలు, అన్నీ కలిపితే పన్నెండేళ్ల రెన్యువల్ డబ్బు.

ఇన్సూరెన్స్ సంగతి కూడా అప్పుడే తెలిసింది. 2018 సెప్టెంబరు తర్వాత కొన్న కొత్త బండ్లకి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) ఇన్సూరెన్స్ అయిదేళ్లకి కలిపి కట్టించుకుంటారు, ఆ కాగితం చూసుకుని ఇన్సూరెన్స్ ఉందిలే అనుకుంటూ వచ్చాను. దొంగతనానికి డబ్బిచ్చేది ఓన్ డ్యామేజ్ పాలసీ, నాది మొదటి ఏడాదికే అయిపోయింది, అంటే బండి దొరక్కపోయి ఉంటే రూపాయి రాదు. పాలసీ ఉన్నా క్లెయిముకి రెండు తాళాలూ అడుగుతారు. నా రెండో తాళం అప్పుడు డల్లాస్‌లో నా సొరుగులో ఉంది, ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలీదు.

పోయిన సెలవులో డబ్బా 4జీది మార్పించాను, పాత 2జీది ఊరి బయట సిగ్నల్ లేక చుక్కని పావుగంటకోసారి కదిపేది. కొత్తది ఫర్వాలేదు, రెండు ఫోన్లలో లాగిన్ అవుతుంది, బ్యాటరీ తాగడం మాత్రం అలాగే ఉంది. తమ్ముడి పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ రిజిస్టర్ చేయించి వచ్చాను. రెండో తాళం అమ్మ బీరువాలో పెట్టింది.

నాన్న ఇప్పుడు అమ్మేయమనడం లేదు. అమ్మడానికీ లేదు లెండి, కేసు తేలేదాకా బండి అమ్మకూడదు, రంగు కూడా మార్చకూడదు అని కోర్టు షరతు పెట్టింది. ఫోన్ చేసినప్పుడల్లా "ఏరా, నీ బండి ఎక్కడుందో చూశావా?" అని నవ్వుతారు. జనవరిలో మళ్లీ రెన్యువల్.